లైసెన్సు గల తుపాకియు, ఇంటి యిల్లాలును

ఎన్నికలు సమీపించినప్పుడెల్ల మన అనంతపురము సీమలోని పోలీసు ఠాణాలలో నొక దృశ్యము కానవచ్చును. ఊరి పెద్దమనుష్యులు కొందరు, గుడ్డలో చుట్టిన వస్తువు నొకదానిని చంకబెట్టుకొని, చిన్న పుస్తకము నొకదానిని చేతబట్టుకొని వచ్చి, రైటరు బల్లయెదుట నిలుచుందురు. గుడ్డ విప్పగా రివాల్వరో, రెండు గొట్టముల తుపాకియో బయటపడును. రైటరు దాని నంబరును, తూటాల లెక్కను వ్రాసికొని రశీదు ఇచ్చును. ఎన్నికల సంఘమువారి యుత్తరువు ననుసరించి ప్రతి జిల్లాలో నొక పరిశీలన సమితి కూర్చుండి, జామీనుపై విడుదలయైనవారెవరు, పూర్వము నేరచరిత్ర గలవారెవరు, అల్లరులలో పాల్గొన్నవారెవరు అని చూచి, వారి యాయుధములను ఠాణాకు చేర్పించును. ఫలితములు వెలువడి వారము గడచిన పిదప గాని యవి తిరిగి యింటికి రావు. 2024వ సంవత్సరమున మన రాష్ట్రములో మార్చి 16వ తేదీన ఎన్నికల ప్రకటన వెలువడినది. మే 13న వోట్లు పడినవి. జూను 4న లెక్కింపు జరిగినది. అనగా ఇంచుమించు మూడు నెలల కాలము ఆ తుపాకులు ఇండ్లలో లేవు.

ఆ మూడు నెలలలో వీధిలో నేమి జరిగెనో పత్రికలు వ్రాసినవి. వోట్లు పడిన మరునాడే తాడిపత్రిలో ఇరుపక్షములవారును రాళ్లు రువ్వుకొనిరి. పోలీసులకును గాయములు తగిలినవి. తుపాకి లేకున్న రాయి యున్నది గదా! కాని ఆ మూడు నెలలలో ఇంటిలోపల నేమి మారినదో ఏ పత్రికయు వ్రాయలేదు. దిండుక్రింద ఆయుధము నుంచుకొని నిద్రించు మగనిప్రక్కన పరుండు ఇల్లాలికి ఆ వేసవి యెట్లు గడచినదో ఏ సమితియు విచారింపలేదు. ఈ వ్యాసము ఆ లోపలి లెక్కను గూర్చినదే.

తుపాకి లైసెన్సు గలవారు సాధారణముగా చెప్పు మాట యొకటి కలదు. తాము చట్టమునకు లోబడినవారమనియు, నేరములు చేయువారు లైసెన్సు లేని నాటుతుపాకులవారే గాని తాము కామనియు వారందురు. ఈ మాటను కొట్టివేయుటకు వీలులేదు. జాతీయ నేర నమోదు సంస్థవారు తమ వార్షిక గ్రంథములలో పలు సంవత్సరములు తుపాకిచే హతులైనవారిని రెండు వరుసలుగా చూపియున్నారు. లైసెన్సు గల యాయుధముచే మరణించినవారొక వరుస, లేనిదానిచే మరణించినవారింకొక వరుస. ఈ రెండవ వరుసయే ఎల్లప్పుడును మిక్కిలి పొడవైనది. కేంద్ర హోం శాఖ లెక్కప్రకారము 2016 డిసెంబరు నాటికి దేశమంతటను 33 లక్షల 69 వేలకు పైగా లైసెన్సులుండెను. అందు 12 లక్షల 77 వేలు ఒక్క ఉత్తరప్రదేశమునవే. ఇంతమందిలో నెందరిపై నేరము రుజువై శిక్ష పడినదని మాత్రము మన దేశమున నెవరును లెక్కకట్టి ప్రకటించుట లేదు.

ఆ లెక్కను ఏటేట ప్రకటించు ప్రాంత మొకటి కలదు. అది అమెరికాలోని టెక్సాసు రాష్ట్రము. మన సీమనుండి వెళ్లిన పిల్లలు పలువురు డల్లాసు, ఆస్టిను ప్రాంతములలో కాపురములు చేయుచున్నారు గనుక ఆ పేరు మన యిండ్లలో క్రొత్తది కాదు. అచ్చటి తుపాకి చట్టమునకు మూలములో నొక స్త్రీ కథ యున్నది. 1991 అక్టోబరు 16వ తేదీన కిలీను అను పట్టణములో నొక భోజనశాలలోనికి ఒకడు తన వాహనమును గోడ పగులునట్లు తోలుకొనివచ్చి, దిగి, భుజించుచున్నవారిని కాల్చసాగెను. 23 మంది మరణించిరి. సుజానా హప్ అను వనిత ఆ దినము తల్లిదండ్రులతో నచ్చట భుజించుచుండెను. ఆమెకు రివాల్వరు కలదు. కాని దానిని మరుగుపరచి వెంట తీసికొనిపోవుట నాటి చట్టమునకు విరుద్ధము గనుక కారులోనే వదలివచ్చెను. హంతకుని పట్టబోయిన తండ్రి నేలకొరిగెను. ఆమె కిటికీ గుండ బయటపడెను; తల్లి మాత్రము భర్తను విడిచి రాలేదు. అచ్చటనే ఆమెయు హతురాలయ్యెను. చట్టమునకు లోబడియుండుటచేతనే తన తల్లిదండ్రులను రక్షింపలేకపోతినని సుజానా ఊరూర సాక్ష్యము పలికెను. 1995లో టెక్సాసు శాసనసభ క్రొత్త చట్టమును చేసెను. 1996 నుండి అర్హులైనవారు లైసెన్సు పొంది పిస్తోలును దుస్తులలో దాచి వెంట నుంచుకొనవచ్చును. ఆ సంవత్సరమే ఆమె శాసనసభకు ఎన్నికయ్యెను.

ఈ కథ విన్న యే తల్లి హృదయమైనను కరగకపోదు. నేనును ఆమె మాటలను తేలికగా త్రోసివేయుదానను గాను.

ఆ లైసెన్సు పొందగోరువారు సాధారణముగా 21 ఏండ్లు నిండినవారై యుండవలెను, ఘోరనేరమునకు శిక్షపడినవారై యుండరాదు, వ్రేలిముద్ర లీయవలెను, పాఠము వినవలెను, గురిచూచి కాల్చు పరీక్షలో నెగ్గవలెను. రాష్ట్రపు రక్షణశాఖవారు ఏటేట లైసెన్సుదారులలో నెందరికి ఏయే నేరములకు శిక్షలు పడినవో పట్టికగా ప్రకటింపవలెనని నియమము. ఆ పట్టికలలో, రాష్ట్రమందు పడిన మొత్తము శిక్షలలో లైసెన్సుదారులకు పడినవి నూటికి ఒకటికన్నను తక్కువగా నుండుచున్నవి. 2020 నాటికి అచ్చట సుమారు 16 లక్షలమంది లైసెన్సుదారులుండిరి. వారి జనసంఖ్యతో పోల్చి చూచినను వారికి పడిన శిక్షలు స్వల్పమే. తుపాకిని సమర్థించువారు ఈ పట్టికను చేతబట్టుకొని, లైసెన్సు గలవాడు తక్కినవారికన్న సాధువని చాటుచుందురు.

కాని సోదరీమణులారా, మనము వేరుసెనగ గింజలను జల్లెడ పట్టుచుందుము గదా. పుచ్చులను, నలుసులను జల్లించి తీసివేసిన పిదప మిగిలినవి మంచి గింజలైనచో, ఆ ఘనత జల్లెడది గాని గింజలు పోసిన గోనెసంచిది కాదు. పూర్వము శిక్షపడినవారిని, పిన్నవయస్కులను ముందుగనే ఏరివేసి, రుసుము చెల్లించి పాఠము వినుటకు ఓపిక గలవారిని మాత్రమే చేర్చుకొన్న గుంపులో శిక్షలు తక్కువగా నుండుట వింత కాదు. వారి కోటుక్రింద పిస్తోలు లేకున్నను వారు సాధువులుగనే యుందురు. ఆ పిస్తోలు వారినేమి చేసినదో తెలియవలెనన్న, వారికి శిక్షపడినప్పుడు అది యే నేరమునకు పడినదో చూడవలెను.

టెక్సాసులోనే కొందరు పరిశోధకులు 2001 మొదలు 2009 వరకు గల పట్టికలను పరిశీలించి, 2013లో అమెరికా ప్రజారోగ్య పత్రికలో తమ ఫలితమును ప్రకటించిరి. లైసెన్సుదారులు దొంగతనము వంటి సామాన్య నేరములకు శిక్షింపబడుట మిక్కిలి యరుదు. కాని వారికి పడిన కొలది శిక్షలలో, తక్కినవారి శిక్షలతో పోల్చి చూడగా, లైంగికనేరములకును, తుపాకి సంబంధమైన నేరములకును, మరణము సంభవించిన నేరములకును పడినవాని పాలు హెచ్చుగా నుండెను. అనగా వారిలో నేరస్థులు తక్కువ, కాని నేరము జరిగినప్పుడు అది ప్రాణములమీదికి వచ్చుచున్నది. ఇంకొక మాట. 2021 సెప్టెంబరు 1వ తేదీనుండి టెక్సాసులో లైసెన్సు లేకయే చాలమంది పిస్తోలును వెంట నుంచుకొనవచ్చునని చట్టము మార్చిరి. లైసెన్సులు ఇప్పటికిని ఇచ్చుచునే యున్నారు గాని ఆ పట్టిక ఇప్పుడు కొందరి లెక్కయే గాని అందరి లెక్క కాదు. జల్లెడను గోడకు తగిలించి, గింజలు మంచివని చెప్పినట్లున్నది.

టెక్సాసువంటి చట్టములుగల రాష్ట్రముల నన్నిటిని కలిపి పరిశీలించిన జాన్ డొనాహ్యూ అను న్యాయశాస్త్రాచార్యుడు తన సహచరులతో 2019లో ప్రకటించిన ఫలితము మరియొకటి. అట్టి చట్టము వచ్చిన పదియేండ్లకు ఆ రాష్ట్రములలో దౌర్జన్యనేరములు, చట్టము లేకున్న నుండదగినదానికన్న నూటికి 13 మొదలు 15 వరకు హెచ్చుగా నున్నవని ఆయన తేల్చెను. ఈ విషయమున విద్వాంసులలో వివాదము చిరకాలముగా నున్నది. 1998లో జాన్ లాట్ అను నాతడు దీనికి సరిగా విరుద్ధమైన వాదముతో గ్రంథమే వ్రాసెను. లైసెన్సుదారుడు స్వయముగా నేరము చేయకున్నను, వాని తుపాకిని దొంగ యెత్తుకొనిపోయిన నది దొంగచేతిలో నాయుధమే యగును. అట్టిది లైసెన్సుదారుల శిక్షల పట్టిక కెక్కదు.

ఇక మన మెట్టసీమకు మరలుదము. ఏటి వర్షము 550 మిల్లీమీటర్లకు అటునిటుగా మాత్రమే కురియు ఈ నేలలో ఆయుధము క్రొత్తగా వచ్చినది కాదు. 1800లో నిజాము ఈ జిల్లాలను కుంపిణీ కొప్పగించినప్పుడు థామసు మన్రో ప్రధాన కలెక్టరుగా అనంతపురమున మకాము పెట్టెను. సీడెడు జిల్లాలలో సుమారు 80 మంది పాలెగాండ్రును, వారిక్రింద ముప్పదివేల సాయుధులైన బంట్లును ఉండిరని నాటి వృత్తాంతములు చెప్పుచున్నవి. కావలి కాయుటకు పాలెగానికి రైతు పన్ను చెల్లించెడివాడు. ఆ కావలియే రైతునకు భయకారణమై యుండెను. మన్రో ఆ బలగములను అణచివేసెను. తరువాత 1878లో లిట్టను ప్రభువు కాలమున వచ్చిన ఆయుధచట్టము భారతీయులకు లైసెన్సు నిర్బంధముచేసి, ఐరోపావారిని విడిచిపెట్టెను. ఆ పక్షపాతముపై దేశీయులు చిరకాలము పోరాడిరి. స్వాతంత్ర్యానంతరము 1959లో చేసిన ఆయుధచట్టము 1962 అక్టోబరు 1వ తేదీనుండి అమలునకు వచ్చి నేటికిని నడచుచున్నది. పాలెగాండ్రు పోయిరి; పాలెగాని పద్ధతి కొన్ని పల్లెలలో కక్షల రూపమున నిలిచినది.

ఆ కక్షలలో చిరకాలము ప్రాణములు తీసినవి వేటకొడవళ్లును, నాటుబాంబులును. తుపాకి పిమ్మట వచ్చినది. 2005 జనవరి 24వ తేదీన శాసనసభ్యుడు పరిటాల రవి అనంతపురములోని తన పార్టీ కార్యాలయముకడనే కాల్పులకు బలియయ్యెను. ఆయన తండ్రి శ్రీరాములును 1975లో హత్యకు గురియైనవాడే. ఆ కేసులో నిందితుడైన మద్దెలచెరువు సూరి 2011 జనవరి 3న హైదరాబాదులో కారులో పోవుచుండగా తన యనుచరునిచేతనే కాల్చబడి చనిపోయెను. ఆ యనుచరునికి 2018లో యావజ్జీవశిక్ష పడినది. ఈ యిరుకుటుంబములలోను మిగిలినది భార్యలు. పరిటాల సునీత శాసనసభ్యురాలై, 2014లో మంత్రిణియు నయ్యెను. గంగుల భానుమతి, భర్త సూరి జీవించియుండగనే, 2004 ఎన్నికలలో రవికి ప్రత్యర్థినిగా నిలిచెను. మగవారి పగలలో స్త్రీలు పోగొట్టుకొన్నదానికి ఏ న్యాయస్థానమును పట్టిక వేయదు.

ఇచ్చట శిక్షల లెక్కయను దానికే మరియొక లోపము కలదు. కక్షల పల్లెలలో కేసు విచారణకు వచ్చునప్పటికి చూచినవాడు చూడలేదనును. గాయపడినవాడు చీకటిలో గుర్తింపలేదనును. ఇరుపక్షములును రాజీపడి, నీ కేసు నేను వదలుకొందును, నా కేసు నీవు వదలుకొమ్మని సాక్షుల నోళ్లు మూయించుట ఈ సీమలో నెరుగనివారు లేరు. అట్టిచోట శిక్షలు తక్కువయన్న నేరములు తక్కువయని యర్థము కాదు. న్యాయస్థానము ఎంతదూరము చూడగలదో ఆ సంఖ్య అంతవరకే చెప్పును.

పల్లెలే కాదు, నగరపు మేడలును అట్లే. 2004 జూనులో హైదరాబాదు జూబిలీ హిల్సులో నొక ప్రసిద్ధ సినిమానటుని యింట తుపాకి ప్రేలి ఇద్దరు గాయపడిరి. ఆ యాయుధపు లైసెన్సు ఆ యింటి యిల్లాలి పేర నున్నదని పత్రికలు వ్రాసినవి. కేసు నడచినది, ఎవరికిని శిక్ష పడలేదు. కాబట్టి లైసెన్సుదారుల శిక్షల పట్టిక మన దేశమున నున్నను ఆ రాత్రి అందులో కానరాదు. నే నాలోచించునది మరియొకటి. పన్నులకొరకు పొలమును భార్యపేర వ్రాయించినట్లు, తుపాకి లైసెన్సునుగూడ భార్యపేర తీసికొను ఇండ్లు లేకపోలేదు. చట్టము దృష్టిలో ఆ యాయుధమునకు ఉత్తరవాది ఆమెయే. లైసెన్సుదారు లేనప్పుడు ఇతరుడు దానిని మోసికొనిపోవుట, మరమ్మత్తునకో లైసెన్సు పొడిగింపునకో వ్రాతమూలకమైన యనుమతితో తప్ప చెల్లదు. సంతకము పెట్టుటకు ముందు ఈ మాటను ఎందరు ఇల్లాండ్రకు ఎవరైన చెప్పియుందురు?

పైన టెక్సాసు పట్టికలో చూడజాలని దానిని కాలిఫోర్నియాలో నొక పరిశోధకబృందము చూచినది. ఆ రాష్ట్రమున పిస్తోలు కొన్నవారి పేర్లు నమోదగును. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయాచార్యుడు డేవిడ్ స్టడర్టును, ఆయన సహచరులును 2004 మొదలు 2016 వరకు ఒక కోటి 76 లక్షలమంది పెద్దల వృత్తాంతమును పరిశీలించి 2022లో ప్రకటించిరి. వారు విచారించినది పిస్తోలు గలవారిని గూర్చి కాదు. పిస్తోలు గలవారితో ఒకే యింట నివసించు, తమకు పిస్తోలు లేనివారిని గూర్చి. అట్టివారు, పిస్తోలు లేని యిండ్లవారికన్న, హత్యకు గురియగుట రెండింతలకు మించియుండెను. పరాయివాడు ఇంటిలోనికి చొరబడి చంపుటనుండి ఆ పిస్తోలు వారిని కాపాడినట్లు కనబడలేదు. ఇంటిలో జీవిత సహచరునిచే కాల్చబడి మరణించుట ఏడింతలుగా నుండెను. అట్లు మరణించినవారిలో నూటికి 84 మంది స్త్రీలు. అట్టి మరణములు మొత్తముమీద నరుదే యని ఆ పరిశోధకులే చెప్పియున్నారు. భయముతో కంపింపవలసిన పనిలేదు. అయినను ఆ తుపాకులు దొంగతుపాకులు కావని గుర్తుంచుకొనవలెను. చట్టప్రకారము కొని, పేరు వ్రాయించుకొన్న ఆయుధములే యవి.

స్త్రీ తానే ఆయుధము ధరించిన నేమి యని అడుగు సోదరీమణులు నేడు కలరు, అడుగుట న్యాయమే. 2012 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన ఘోరముపిదప, 2014 జనవరిలో కాన్పూరు ఆయుధకర్మాగారమువారు స్త్రీలకొరకని నిర్భీక్ అను రివాల్వరును విడుదలచేసిరి. బరువు అరకిలో, చేతిసంచిలో నిమిడిపోవును. నాటి వెల లక్షా ఇరువదిరెండువేల రూపాయలకు పైమాట. వానకు ముఖము వాచిన మన పల్లెలలో వేరుసెనగ పీకి కూలి తెచ్చుకొను తల్లి ఆ వెలను ఎన్నడు కూడబెట్టగలదు? ఆపదలో ఎక్కువగా నున్నవారికి అందనిదియు, అందినవారికి ఆపద తక్కువగా నుండునదియు నగు ఈ రక్షణ నాకు రుచింపలేదు. అడవిపందులనుండి పైరును కాపాడుకొనుటకు రైతు పెట్టుకొను నాటుతుపాకి సంగతి వేరు. మూతినుండి మందుకూరు అట్టి తుపాకికి నిజమైన అవసరమున్న లైసెన్సు నీయవలసినదని చట్టమే సులువైన త్రోవ చూపినది. పిస్తోలుకు మాత్రము తగిన కారణమున్నదని అధికారి తృప్తిపడవలెను. ఇంకొక విశేషము: 2016 నాటి నియమములప్రకారము పిస్తోలును బహిరంగస్థలములో ఒరలో నుంచి పూర్తిగా కప్పియే తీసికొనిపోవలెను. అమెరికాలో దాచుటకు ప్రత్యేకముగా లైసెన్సు పుట్టినది. మన దేశమున దాచుటయే విధి.

మన చట్టమునందును జల్లెడ లేకపోలేదు. దరఖాస్తు పెట్టినప్పుడు దగ్గరి ఠాణా అధికారి విచారించి జిల్లా మేజిస్ట్రేటునకు నివేదిక పంపవలెను. దౌర్జన్యమో, నీతిబాహ్యమైన నేరమో చేసి శిక్షననుభవించినవానికి శిక్ష ముగిసిన పిదప ఐదేండ్లవరకు ఆయుధము నిషిద్ధము. మన సీమలో బైండోవరని యందరును పిలుచు పూచీకత్తు కాలమంతయు గూడ నిషిద్ధమే. 2019 సవరణపిదప ఒకనికి రెండు తుపాకులకు మించి యుండరాదు. లైసెన్సు ఐదేండ్లకొకమారు పొడిగింపబడును. పెండ్లి ఊరేగింపులో ఉత్సాహమునకు కాల్చి ఇతరులకు ఆపద తెచ్చినవానికి రెండేండ్లవరకు ఖైదో, లక్ష రూపాయలవరకు జరిమానాయో, రెండునో పడవచ్చును. ఇవి యన్నియు మంచివే. కాని ఈ జల్లెడ కన్నులలో ఇల్లాలి మాటకు చోటు లేదు. ఠాణా అధికారి వీధివారిని విచారించును. శత్రువులున్నారా యని మగవానిని విచారించును. భార్యను విచారింపవలెనని చట్టములో వ్రాయలేదు.

కెనడా దేశమున నట్లు కాదు. 1989 డిసెంబరు 6న మాంట్రియల్ నగరపు ఇంజనీరింగు కళాశాలలో నొకడు 14 మంది స్త్రీలను కాల్చి చంపెను. ఆ దుఃఖమునుండి పుట్టిన యాందోళనవలన 1995లో అచ్చట క్రొత్త తుపాకి చట్టము వచ్చినది. నేడు అచ్చట లైసెన్సు దరఖాస్తులో భార్య సంతకమునకు చోటున్నది. గడచిన రెండేండ్లలో విడిపోయిన భార్యయైనను సరే. ఆమె సంతకము పెట్టనిచో దరఖాస్తు అంతటితో కొట్టివేయబడదు. అధికారి మాత్రము ఆమెకు తెలియజేయవలెను. ఆమెకు భయమున్న చెప్పుకొనుటకు త్రోవ కలుగును. ఆ యొక్క గీత మన దరఖాస్తులో నేల యుండగూడదు? ఇల్లాలి తలాపిన నుండబోవు పిస్తోలునకు ఆమె సంతకము నడుగకుండుట నాకు వింతగా దోచుచున్నది.

ఆ గీత వచ్చువరకు ఉన్న త్రోవలనైన తెలిసికొనవలెను. లైసెన్సుదారుడు ఏ కారణముచేతనైన అనర్హుడని తోచినను, ప్రజల భద్రతకు అవసరమనిపించినను లైసెన్సును నిలుపుటకో రద్దుచేయుటకో అధికారికి చట్టము శక్తినిచ్చినది. కాబట్టి తాగి తుపాకి చూపి బెదరించు భర్తనుగూర్చి భార్య జిల్లా మేజిస్ట్రేటునకు వ్రాసికొన్నచో అది వ్యర్థమైన కాగితము కాదు. ఐదేండ్లకు పొడిగింపు వచ్చు సమయము అందుకు మరియు తగినది. 2005 నాటి గృహహింస చట్టముక్రింద రక్షణాధికారిణి యుండును. న్యాయస్థానము ఆదేశించినచో హింసలో ఉపయోగించిన ఆయుధమును స్వాధీనపరచుకొనుట ఆమె విధులలో నొకటి.

మరియొక సంగతి విధవలైన సోదరీమణులకు. లైసెన్సుదారుడు మరణించిన దినమునుండి ఆ తుపాకి ఇంటిలో నుండుట న్యాయసమ్మతము కాదు. కర్మకాండల తొందరలో దాని నెవరును తలపోయరు. బీరువాలో పట్టుచీరలనడుమ అట్లే యుండిపోవును. ఏడాదికో రెండేండ్లకో కుమారులు పంపకము చేసికొనునప్పుడు బయటపడును. అనవసరమైన జాగు లేక దగ్గరి ఠాణాలోనో, లైసెన్సు గల వ్యాపారికడనో అప్పగించి రశీదు తీసికొనవలెను. తరువాత వారసులెవరైన తమపేర లైసెన్సు కోరవచ్చును, దానిని అమ్మివేయవచ్చును. కోరుటయో అమ్ముటయో నిర్ణయించుటలో తల్లి నోరు విప్పవలెను. నాన్నగారి జ్ఞాపకమని కుమారు డనును. జ్ఞాపకమునకు ఆయన కన్నద్దాలును చాలును.

2022లో మన జిల్లా రెండుగా చీలి పెనుకొండ, హిందూపురము, ధర్మవరము, కదిరి, మడకశిరలు శ్రీసత్యసాయి జిల్లాలోనికి పోయినవి. కాబట్టి ఆ వైపు సోదరీమణులు పుట్టపర్తిలోని మేజిస్ట్రేటునకు వ్రాసికొనవలెను. అనంతపురమునకు వ్రాసిన కాగితము త్రోవలోనే కాలము పుచ్చును.

మొదట చెప్పిన రశీదులు 2024 జూను మాసములో తిరిగి ఠాణాలకు చేరినవి. రైటరు పుస్తకము చూచి, నంబరు సరిపుచ్చి, తూటాలు లెక్కించి యిచ్చెను. గుడ్డలో చుట్టిన ఆ బరువు గడపదాటి లోనికి వచ్చిన దినమున దానిని బీరువాలో పెట్టి, తాళపుచెవి ఎవరి కొంగున ముడివేసిరో అదియు నెవరును లెక్కింపలేదు.